దేవుని యింటి గడప

దేవుడు సర్వాంతర్యామి యని అన్ని మతములవారును చెప్పుదురు. చెప్పిన వెంటనే ఆయన కొక యిల్లు కట్టుదురు. ఇల్లు కట్టగానే దాని కొక గడప నమర్చుదురు. గోడలు ఎండవానల కడ్డము గనుక అవసరమే. గడపయు వాననీరు లోనికి రాకుండుటకు అవసరమే. కాని మనుష్యుడు గడపకు ఆ పని యొక్కటియే చెప్పి ఊరకుండలేదు. దాని నెవరు దాటవచ్చును, దానిమీద నెవరు కూర్చుండవలెను, దానికి దూరముగ నిలిచి యెవరు చేతులు జోడింపవలెను అను తీర్పుల నన్నిటిని దానిపై మోపినాడు. ఆలయముల చరిత్రలు వ్రాయువారు కట్టించిన ప్రభువు పేరును, సంవత్సరమును, రాతిపనియు వర్ణించి తృప్తిపడుదురు. గడప చరిత్రను వ్రాయువా రరుదు. ప్రార్థనాగృహముయొక్క నిజమైన చరిత్ర అదియే యని మా యభిప్రాయము.

ఈ విషయమును విచారించుటకు మేము మన గుళ్లను గాక యూదుల ప్రార్థనామందిరమును దీసికొనుచున్నాము. దీనికి రెండు కారణములు గలవు. సొంతయింటి తగవులో న్యాయము కనబడుట కష్టము. పొరుగింటి తగవులో అది సులభముగ కనబడును. ఇది మొదటిది. ఈ పొరుగింటి కథ తిరిగితిరిగి మన తెలుగుదేశమునకే, గుంటూరుజిల్లాలోని యొక పల్లెకే, వచ్చి చేరుచున్నది. ఇది రెండవది. ఆ పల్లెనుండి మేము పాఠములు చెప్పుకొను ఈ అరకులోయకు గూడ ఒక దారి యున్నదని ముందు చూపగలము.

తెలుగు బైబిలును అనువదించినవారు యూదుల ప్రార్థనాగృహమునకు ‘సమాజమందిరము’ అని పేరు పెట్టిరి. చక్కని పేరు. గ్రీకుపదమునకును హెబ్రీపదమునకును గూడ జనులు కూడుచోటు అనియే యర్థము. యూదులకు ఆలయమన దగినది యెరూషలేములో నుండెడిది, దానిని క్రీ.శ. 70లో రోమనులు నేలమట్టము చేసిరి. ఆపైని ఆ జాతి ఏ దేశమున కేగినను సమాజమందిరములనే కట్టుకొనెను. అందు విగ్రహము లేదు, గర్భగుడి లేదు, బలిపీఠము లేదు. చర్మపు చుట్టలపై వ్రాసిన ధర్మశాస్త్రము ఒక మందసమున నుండును. దానిని చదువుట కొక వేదిక యుండును. వయస్సు వచ్చిన పురుషులు పదిమంది చేరిన గాని సామూహికప్రార్థన సాగదు. ఆ పదిమంది లేనిచో ఎంత భవనమైనను వట్టి కట్టడమే. వారున్నచో పూరిపాకయు మందిరమే. మన భాషలో పదిమంది యనగా లోకము గదా! కావున ఈ మందిరమున అసలు ప్రశ్న రాళ్లను గూర్చినది కాదు. ఆ పదిమందిలో ఎవరిని లెక్కింతుము అన్నదే ప్రశ్న. పూర్వాచారము స్త్రీలను లెక్కింపలేదు; ఈ కాలమున కొన్ని సమాజములు లెక్కించుచున్నవి. లెక్క మారగలదనుట కిదియే నిదర్శనము.

మన దేశమున ఇట్టి మందిరములలో మిక్కిలి ప్రసిద్ధి గన్నది కొచ్చిను నగరమున మట్టంచేరిలో నున్న పరదేశి సమాజమందిరము. 1492లో స్పెయినునుండి యూదులు వెడలగొట్టబడిరి. పిమ్మట పోర్చుగలునను వారికి నిలువనీడ లేకపోయెను. అట్టివారిలో కొందరు సముద్రములు దాటి కొచ్చిను చేరగా, అచ్చటి రాజు తన కోటప్రక్కనే స్థల మిచ్చెను. 1568లో మందిరము లేచెను. 1662లో పోర్చుగీసువారు దానిని పాడుచేయగా, ఊరు డచ్చివారి చేతికి వచ్చిన పిమ్మట 1664లో దానిని మరల బాగుచేసిరి. 1760లో గడియారపు గోపురము వెలసెను. దాని ముఖములపై వేర్వేరు భాషల అంకె లున్నవి. నేలనిండ చీనాదేశమునుండి వచ్చిన నీలితెలుపు పలకలు. చెప్పులు వెలుపల విడిచి లోని కడుగిడుట అచ్చటి యాచారము. ఇది మన దేశపు మర్యాదయే. క్రీ.శ. 1000 ప్రాంతమున చేరరాజైన భాస్కర రవివర్మ యోసేపు రబ్బాను అను యూదప్రముఖునకు డెబ్బదిరెండు హక్కుల నిచ్చుచు వ్రాయించిన తామ్రశాసనములు గూడ ఆ మందిరమునందే భద్రపరుపబడినవి. ఒక హిందూరాజు పరదేశస్థుల నిట్లు ఆదరించుట విని మన మనస్సు సంతోషించును, సంతోషింపదగినదే.

అయితే గడప చరిత్ర వేరు. మతపీడనమునుండి పారిపోయి వచ్చినవారు, తమ మందిరమున తామే మరియొక పీడనమును నాటుకొనిరి. పరదేశులు తాము తెల్లవారమనియు, తమకంటె ఎన్నో శతాబ్దములు ముందుగనే మలబారు చేరిన పాతయూదులు నల్లవారనియు వేరుచేసి, వారితో పెండ్లిసంబంధములు మానిరి. తామ్రశాసనము మాదనిన మాదని ఇరువురును వాదించుకొనిరి. అంతకంటె దయనీయమైనది మూడవవారి స్థితి. పూర్వము బానిసలుగా నుండి, విడుదల పొంది, యూదమతమును శ్రద్ధతో ననుసరించినవారి సంతతి యొకటి పరదేశులలోనే యుండెను. వారిని మెషుహ్రారీములు, అనగా విముక్తులు, అని పిలిచెడివారు. పేరు విముక్తులు, స్థానము మాత్రము మందిరపు వెలుపలి వసారాలో, నేలమీద. ధర్మశాస్త్రమును చదువుటకు వారిని వేదికకు పిలిచెడివారు కారు. చచ్చినవెనుక సమాధిభూమియు వేరే. మన గుడికి వెళ్లని మనుష్యులు, మన శాస్త్రము నెరుగని మనుష్యులు, మన దేశపు గాలి పీల్చినందుననే మన రోగము నంటించుకొనిరని మేము సిగ్గుతో వ్రాయుచున్నాము.

ఆ మతపు శాస్త్రము దీని నంగీకరించినదా? లేదు. 16వ శతాబ్దముననే కొచ్చిను తగవు కైరో నగరమునందలి ధర్మశాస్త్రపండితుడగు దావీదు ఇబ్ను జిమ్రా యొద్దకు వెళ్లెను. విధిప్రకారము మతమున జేరినవారు తక్కినవారితో సమానులే, వారితో వివాహము గూడ తగునని ఆయన తీర్పు వ్రాసెను. తీర్పు వచ్చెను గాని గడప కదలలేదు. శాస్త్రమును అడ్డము పెట్టుకొని అన్యాయము చేయువారు, శాస్త్రము తమకు ఎదురు తిరిగినప్పుడు ఆచారమును అడ్డము పెట్టుకొందురు. ఇది ఏ మతమునందైనను ఒక్కటే తంత్రము.

ఆ గడపను కదల్చినవాడు అబ్రహాము బరాకు సేలము అను న్యాయవాది (1882–1967). ఆయన ఆ విముక్తుల వంశమువాడే. చదివి పట్టభద్రుడై, కొచ్చిను సంస్థానపు శాసనసభలో మాటలాడగలిగియు, తన మందిరమున కూర్చుండుటకు పీట లేనివాడు. 1924లో ప్రక్క సంస్థానమైన తిరువాన్కూరులో వైకోము సత్యాగ్రహము జరిగెను. 1929లో లాహోరు కాంగ్రెసుకు ఆయన స్వయముగ వెళ్లివచ్చెను. ఆ పాఠమునే ఆయన తన మందిరమున ప్రయోగించెను. మందిరమును విడిచి వేరొకటి కట్టుకొనలేదు. ఎవరిమీదను చేయి చేసికొనలేదు. కూర్చుండరాదన్న చోట కూర్చుండుచు, తన కుమారులనుగూడ అట్లే పెంచెను. 1940ల నాటికి పీటను గూర్చియు పఠనమును గూర్చియు నున్న నిషేధములు చాలవరకు తొలగెను. ఆయనను యూదగాంధి యని పిలుచుట ఉచితమే.

ఇందు కాలముయొక్క పరిహాస మొకటి కలదు. పీట దొరకిన కొలదికాలమునకే మందిరము ఖాళీ కాజొచ్చెను. 1948లో ఇశ్రాయేలు రాజ్య మేర్పడిన పిమ్మట కొచ్చిను యూదులలో నెక్కువమంది అచ్చటికి తరలిపోయిరి. 1968లో నాలుగువందల సంవత్సరముల ఉత్సవమునకు ప్రధానమంత్రి ఇందిరాగాంధి విచ్చేసిరి. అప్పటికే సమాజము చిక్కిపోయియుండెను. నేడు దీపపు గుత్తులను నీలిపలకలను చూడవచ్చు యాత్రికులు వేలు. ప్రార్థనకు పదిమంది దొరకుట దుర్లభము. వేర్పాటువలననే మందిరము శూన్యమైనదనుట న్యాయము కాదు. వలసకు కారణములు వేరు. కాని ఎన్నడో ఒకనాడు లోపలికి రమ్మన్నను పదిమంది దొరకని దినము వచ్చుననియెరిగినచో, ఆ పెద్దలు వసారాలో కూర్చున్నవారిని అన్ని తరములు నేలమీదనే కూర్చుండనిచ్చెడివారా? ఈ ప్రశ్నను ఏ మందిరమువారైనను తమకు తాము వేసికొనవలసినదే.

ఇక తెలుగుదేశమునకు వత్తము. గుంటూరుజిల్లాలో చేబ్రోలు అను ప్రాచీనగ్రామము కలదు. అది శాసనముల యూరు. శాతవాహనరాజగు విజయుని కాలమున, క్రీ.శ. 207లో వేయబడిన సంస్కృతశాసన మొకటి అచ్చట దొరకినదనియు, దక్షిణదేశమున నింతవరకు వెలువడిన సంస్కృతశాసనములలో అదియే మొదటిదనియు 2019లో శాసనపరిశోధకులు ప్రకటించిరి. ఆ చేబ్రోలును ఆనుకొని కొత్తరెడ్డిపాలెమను పల్లెయున్నది. అందు కొన్ని పదుల మాదిగకుటుంబములవా రొక చిన్న సమాజమందిరమును నిలుపుకొనిరి. తాము బెనె ఎఫ్రాయీములమని, అనగా ఎఫ్రాయీము సంతతివారమని, 1980ల చివరినుండి వారు చెప్పుకొనుచున్నారు. క్రీ.పూ. 722లో అష్షూరు రాజులు ఉత్తర ఇశ్రాయేలును కూలద్రోయగా చెదరిపోయెనని చెప్పబడు పది గోత్రములలో ఎఫ్రాయీము గోత్ర మొకటి. వీరు శనివారమును విశ్రాంతిదినముగా పాటింతురు, హెబ్రీ యక్షరములు నేర్చుకొందురు, పందిమాంసము ముట్టరు. తమ పెద్దలు గొడ్డుమాంసము తినుటయు, చనిపోయినవారిని పూడ్చుటయు ఆ ప్రాచీనాచారముల శేషములేయని వీరి నాయకులు వ్యాఖ్యానించిరి. ఏ యాచారములను చూపి ఊరు వీరిని వెలివేసెనో, ఆ యాచారములే వీరికి గౌరవచిహ్నము లైనవి!

ఈ కుటుంబములవారు అంతకుముందు క్రైస్తవులు. ఆ కథయు కొంచెము చెప్పవలసియున్నది. 1876–78 నాటి ఘోరక్షామమున ఒంగోలునందలి అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని, అన్నము లేనివారికి పని కల్పించెను. 1878 జులై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మాదిగలే అధికులు. గుడిగడప దాటరానివారికి ఒక దేవుని యిల్లు తలుపు తెరచెను. కాని కులము తలుపుచాటున నిలిచి వారితోపాటే లోనికి వచ్చెను. పల్లెపల్లెకు, పేటపేటకు వేరు ప్రార్థనాలయములు. ఒకే దేవుని బిడ్డలమని పాడినవారు ఒకరి పిల్లను ఒకరి కిచ్చుకొనరు. మతము మారినను ఊరిలో పేరు మారలేదు. కావున వందయేండ్లు గడచిన పిమ్మట కొందరు ఇంకొక తలుపు తట్టిరన్నచో ఆశ్చర్యపడ నేల?

వీరిమీద లోకము రెండు ఆక్షేపణలు చేయుచున్నది. మొదటిది, ఇది లాభమునకై కట్టిన వేషమని. విచారింతము. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు ప్రకారము హిందువులు మాత్రమే ఆ కులములవారుగా పరిగణింపబడిరి. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. యూదమతము ఆ పట్టికలో లేదు. మేము యూదులమని చట్టముయెదుట పలికిన మాదిగ, పొందుటకంటె పోగొట్టుకొనుటయే యెక్కువ. ఇశ్రాయేలుకు పోవుటకే యిదంతయు నందురా? కొచ్చినువారు పోయినప్పుడు దానిని మనము పుణ్యభూమిపై భక్తి యంటిమి. కొత్తరెడ్డిపాలెపు కూలివాడు అదే కోరినచో దానిని ఆశ యనుచున్నాము. కోరిక యొక్కటే, కోరినవాని బట్టనుబట్టి పేరు మారినది.

రెండవ యాక్షేపణ బలమైనది. ఈ వంశకథకు ఆధారము లేదని. ఇది నిజమే. శాసనము లేదు, తాళపత్రము లేదు, రెండువేల యేడువందల యేండ్ల దారిలో ఒక్క మైలురాయి లేదు. మణిపురము, మిజోరములయందలి బ్నే మెనషేలను 2005లో ఇశ్రాయేలు ప్రధానమతాచార్యులలో నొకరు ఆ సంతతివారుగా నంగీకరించిరి. మన తెలుగువారికి ఆనాడు ఆ మన్నన దక్కలేదు. చరిత్ర బోధించు వృత్తిలో నున్న మేము, ఆధారము లేని కథను చరిత్ర యని పిల్లలకు చెప్పలేము, చెప్పరాదు. బీదవాడు చెప్పినాడు గదా యని అసత్యమునకు సత్యమని ముద్రవేయుట గౌరవము కాదు, అది వానిని పసివానిగా చూచుటయే.

మరియొక సంకటము మాకే తోచుచున్నది. జన్మచేత నీచుడవని లోక మనగా, కాదు, జన్మచేతనే నేను ఉన్నతుడనని బదులు చెప్పుట జన్మసిద్ధాంతమును కూల్చుటయా, దానికే నమస్కరించుటయా? గొలుసు మెడలోనిదైనను కాలిదైనను గొలుసే కదా.

ఈ చిక్కు కొత్తరెడ్డిపాలెమునకే చెందినది కాదు. మా కొండలలోను ఉన్నది. అరకులోయయందును, పాడేరు మన్యమునందును వాల్మీకులను జాతి కలదు. కొండజాతులలో తక్కినవారు వీరిని కొంత తక్కువగా చూచెడివారు. వీరు రామాయణకర్తను మూలపురుషునిగా చెప్పుకొందురు. కొండదొరలలో కొందరు తాము పాండవకులమువారమందురు. మైదానమునందలి మాదిగలకు మాత్రము పురాణము లేదా? జాంబపురాణము కలదు, భూమి పుట్టుటకు ఆరునెలలు ముందుగనే జాంబవుడు పుట్టెనని చిందువారు గానము చేయుదురు. ఇంతకంటె పెద్ద వంశము ఎవరికున్నది? అయినను ఊరు ఆ పురాణమును వినోదముగా వినెనే గాని, విన్నపిమ్మట గాయకుని తన అరుగుమీదికి పిలువలేదు.

ఇట్లు దిగువ నున్నవారందరు పెద్ద తాతలను వెదకుకొనుట ఎందుకు? మనము అడుగుచున్నాము గనుక. నీ వెవరి మనుమడవు అని అడిగిన పిమ్మటగాని కూర్చుండుటకు చాప వేయని లోకమున, తాత లేనివాడు తాతను సంపాదించుకొనక యేమి చేయును? మాకు తెలిసిన పెద్దలనేకులు ప్రవర చెప్పి ఋషులనుండి తమ వంశమును లెక్కించుకొందురు. భరద్వాజునినుండి నేటివరకు నడిచిన దారిలో వారు చూపగల మైలురాళ్లెన్ని? వారి నెవరును ఆధార మడుగలేదు. ఎఫ్రాయీము కథకును గోత్రకథకును సాక్ష్యమున భేదము స్వల్పము. భేదమంతయు అడుగువారి యందున్నది. ఆధారము చూపవలసిన భారము ఎల్లప్పుడును గడప వెలుపలివానిమీదనే పడుచున్నది. లోపలివానికి కూర్చుండి యుండుటయే యాధారము.

కావున మేము రెండు మాటలను వేరుచేసి చూపగోరుచున్నాము. చరిత్రకు ఆధారము కావలెను. ప్రవేశమునకు చరిత్ర అక్కరలేదు. ఈ రెండును కలిపివేయుటవలననే అనర్థమంతయు. చరిత్రకారుడు ఎఫ్రాయీము కథను ఒప్పుకొనకపోవచ్చును. అది ఆయన ధర్మము. అంతమాత్రమున శనివారమున దీపము వెలిగించి ప్రార్థించువాని ప్రార్థన అబద్ధము కాదు. తాత ఎవరో తేలనందున మనుమని భక్తి తేలిపోదు.

ఇది మేము క్రొత్తగ కల్పించిన న్యాయము కాదు. ఛాందోగ్యోపనిషత్తున సత్యకాముని కథ చదువరు లెరిగినదే. గోత్ర మేదని గురువడుగగా, తల్లికే తెలియదట యని ఆ బాలుడు ఉన్నమాట చెప్పెను. హారిద్రుమతుడగు గౌతముడు వాని వంశమును వెదకింపలేదు; సత్యము తప్పనందుకు మెచ్చి ఉపనయనము చేసెను. యూదుల గ్రంథములలో రూతు మోయాబు దేశపు పరజాతిస్త్రీ. అత్త నాశ్రయించి వచ్చి ఆ జనములో కలసెను. ఆమెకు మునిమనుమడే దావీదు మహారాజు. 12వ శతాబ్దమున ఓబద్యా అను నొక క్రొత్తగా మతమున జేరినవాడు, పితరుల దేవుడా యని ప్రార్థించునప్పుడు మా పితరుల యని నేననవచ్చునా యని మహాపండితుడగు మైమొనిదీసు నడిగెను. తప్పక యనవచ్చును, అబ్రాహాము మార్గమున నడచువారందరును అబ్రాహాము బిడ్డలే యని ఆయన బదులు వ్రాసెను. రక్తముచేత తండ్రి కాదు, నడచిన మార్గముచేత తండ్రి. ఈ యుత్తరమును నమ్మినచో కొత్తరెడ్డిపాలెమువారికి ఎఫ్రాయీముతో అవసరము లేదు. ఆ మతవిధిని నెరవేర్చుటయే చాలును. వారి ఆత్మగౌరవమునకు మాత్రము అదియు నక్కరలేదు; మనుష్యులై పుట్టుటయే చాలును. ఈ మాటను వారికి చెప్పుటకుముందు వారిని అడిగినవారికి చెప్పవలసియున్నది.

ఈ పత్రికను చదువువారిలో గుళ్లకు ధర్మకర్తలు కొందరే యుందురు. కాని ప్రతి యింటికిని గడప కలదు. మన యింట పనిచేయువారికి మంచినీరు ఏ పాత్రలో నిచ్చుచున్నాము? అద్దెకు గది యడుగవచ్చినవానిని మొదట ఏమి యడుగుచున్నాము, పేరా, ఇంటిపేరా? బిడ్డ తాను మెచ్చినవానిని గూర్చి చెప్పినప్పుడు వాని గుణమును విచారింతుమా, వాని తాతను విచారింతుమా? మట్టంచేరి పెద్దలు దుష్టులు కారు. దానధర్మములు చేసినవారు, శాస్త్రములు చదివినవారు, తామే పీడనమునుభవించినవారు. అట్టివారి మందిరమున గూడ కొందరు తరతరములు వసారాలో కూర్చుండిరి. ఏలయన వారినక్కడ చూచుట అందరికిని అలవాటైపోయెను. మన వసారాలలో ఎవరు కూర్చున్నారో మన మొకసారి లేచి చూడవలెను.